తూటా పేలక ముందు: అమెరికా పోలీసు బలప్రయోగాన్ని ఎక్కణ్నుంచి చూడాలి?

1984 నవంబర్ 12. నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ నగరం. డెథోర్న్ గ్రాహమ్ అనే షుగర్ పేషెంటుకు ఒంట్లో షుగర్ పడిపోతున్నట్టు తెలిసింది. ఆరెంజ్ జ్యూస్ కొనుక్కుందామని స్నేహితుడి కారులో దగ్గర్లోని దుకాణానికి వెళ్లాడు. లోపల క్యూ పెద్దదిగా ఉంది. అంతసేపు ఆగితే పడిపోతానని భయపడి గబగబా బయటికొచ్చి, ఇంకో మిత్రుడి ఇంటికి పోనిమ్మన్నాడు. ఇలా లోపలికెళ్లి అలా బయటికొచ్చిన మనిషిని కానర్ అనే పోలీసు అధికారి చూశాడు. దొంగతనమేదో జరిగి ఉంటుందని అనుమానించి, అర మైలు వెంటపడి కారు ఆపాడు.

ఇది షుగర్ సమస్య అని స్నేహితుడు మొత్తుకున్నాడు. దుకాణంలో ఏం జరిగిందో తెలిసేదాకా కదలొద్దన్నాడు కానర్. ఈలోగా గ్రాహమ్ కారు దిగి, దాని చుట్టూ రెండుసార్లు పరుగెత్తి, రోడ్డు పక్కన కూలబడి స్పృహ తప్పాడు. అదనపు పోలీసులు వచ్చారు. తాగి ఉన్నాడని తేల్చేసి చేతులు వెనక్కి విరిచి బిగుతుగా బేడీలు వేశారు. తేరుకున్నాక, నా పర్సులో షుగర్ పేషెంటునని తెలిపే కార్డు ఉంది, చూడండి అని బతిమాలితే నోరు మూసుకోమన్నారు, ముఖాన్ని కారు బానెట్‌కేసి అదిమారు. నలుగురు కలిసి తల ముందుగా వెళ్లేలా పోలీసు కారులోకి విసిరేశారు. ఎవరో మిత్రుడు ఆరెంజ్ జ్యూస్ తెస్తే అదీ తాగనివ్వలేదు. చివరికి దుకాణంలో ఏమీ జరగలేదని కబురొచ్చాక ఇంటి దగ్గర దింపి వెళ్లారు. అప్పటికే అతని పాదం ఎముక విరిగింది, భుజం దెబ్బతింది, మణికట్లు కోసుకుపోయాయి.

గ్రాహమ్ కోర్టుకెళ్లాడు. 1989లో అమెరికా సుప్రీంకోర్టు అతని కేసులోనే ఒక కొలబద్ద ఖరారు చేసింది. బలప్రయోగం సబబో కాదో తేల్చాలంటే, ఆ చోట, ఆ క్షణంలో ఉన్న వివేకం గల పోలీసు ఏం చేస్తాడన్న దృష్టితోనే చూడాలి. అంతా అయిపోయాక తీరిగ్గా కూర్చుని తప్పులెంచకూడదు. పోలీసులు రెప్పపాటులో నిర్ణయాలు తీసుకోవలసి వస్తుంది కనుక ఆ వెసులుబాటు ఇవ్వాలి. పోలీసు మనసులో మంచి ఉందా చెడు ఉందా అన్నది అప్రస్తుతం. ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ రాసిన తీర్పు సారాంశం ఇదే. కేసు మళ్లీ కిందికి వెళ్లింది. ఈ కొత్త కొలబద్దతో విన్న జ్యూరీ పోలీసుల పక్షానే తేల్చింది.

జ్యూస్ కోసం వెళ్లి పాదం విరగ్గొట్టుకున్న మనిషి పేరు మీదున్న తీర్పే ఇవాళ్టికీ అమెరికాలో పోలీసులకు అతి పెద్ద రక్షణ కవచం. వీడియోలో అంత స్పష్టంగా కనిపిస్తున్నా ఆ పోలీసుకు శిక్ష ఎందుకు పడలేదని మన పత్రికలు చదివేవాళ్లు ప్రతిసారీ అడుగుతారు. దానికి సగం జవాబు ఇక్కడే ఉంది. కోర్టు చాలావరకు చివరి సెకనునే చూస్తుంది. ఆ సెకనులో మనిషి చెయ్యి జేబు వైపు వెళ్లిందా? పోలీసు భయపడటానికి కారణముందా? అసలు ఆ మనిషిని ఎందుకు ఆపారు, ఆ ఊళ్లో అంతమందిని ఎందుకు ఆపుతున్నారు, ఆపడం వల్ల ఎవరికి లాభం అన్న ప్రశ్నలు ఆ చట్రంలో ఇమడవు. నా దృష్టిలో అసలు విషయమంతా చట్రం బయట మిగిలిపోయిన ఆ ప్రశ్నల్లోనే ఉంది.

కోర్టులు పోలీసులకు అసలు హద్దులే గీయలేదని అనలేం. 1974లో మెంఫిస్‌లో ఎడ్వర్డ్ గార్నర్ అనే 15 ఏళ్ల నల్లజాతి కుర్రాడు దొంగతనం చేసి కంచె దూకుతుంటే పోలీసు వెనక నుంచి తల మీద కాల్చి చంపాడు. కుర్రాడి దగ్గర ఆయుధం లేదన్నది దాదాపు ఖాయమని ఆ పోలీసే ఒప్పుకున్నాడు. దొరికిన సొత్తు ఒక పర్సు, 10 డాలర్లు. పారిపోయే నేరస్థుణ్ని కాల్చడం అప్పటి టెనెసీ చట్టం ప్రకారం తప్పు కాదు. 1985లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని అంతవరకు చెల్లదంది. ఎదుటివాడు ప్రాణాపాయం కలిగించేవాడైతే తప్ప, పారిపోతున్నాడన్న ఒక్క కారణంతో చంపకూడదని చెప్పింది. అది పెద్ద మార్పే. అయితే నాలుగేళ్ల తర్వాత వచ్చిన గ్రాహమ్ తీర్పుతో, అపాయం ఉందని ఎవరి కళ్లతో చూసి నిర్ణయించాలన్న ప్రశ్నకు పోలీసు కళ్లతోనే అన్న జవాబు స్థిరపడింది.

ఆ కళ్లలో భయం ఊరికే పుట్టలేదు. అమెరికాలో జనం కన్నా జనం చేతుల్లోని తుపాకులు ఎక్కువ. 2018లో వచ్చిన ఒక ప్రసిద్ధ అంచనా ప్రకారం పౌరుల దగ్గరే 39 కోట్లకు పైగా ఉన్నాయి. రాత్రిపూట ఏ కారు ఆపినా లోపల తుపాకీ ఉండొచ్చు. విధి నిర్వహణలో ఏటా పదుల సంఖ్యలో పోలీసులు హత్యకు గురవుతున్నారు. ఈ భయాన్ని కొట్టిపారేసి పోలీసులను తిట్టే రాతలు నాకు నచ్చవు. అయితే అక్కడి శిక్షణ ఆ భయాన్ని అదుపు చేసేలా కాక ఎగదోసేలా సాగింది. అకాడమీ శిక్షణ సగటున ఓ 21 వారాలు. జర్మనీలో రెండున్నర, మూడేళ్లు పడుతుంది. ఆ కొద్ది వారాల్లో కూడా తుపాకీ, ఆత్మరక్షణ పాఠాలదే పెద్ద పీట. ట్రాఫిక్ స్టాప్‌లో, అంటే రోడ్డు మీద కారు ఆపి తనిఖీ చేస్తూ, చనిపోయిన పోలీసుల వీడియోలు పదే పదే చూపించి, ప్రతి డ్రైవరూ చంపొచ్చన్న మనస్తత్వం నూరిపోసే కోర్సులు ఏళ్ల తరబడి నడిచాయి.

అమెరికాలో ఉంటున్న మన పిల్లలకు ఇది పుస్తకాల్లో విషయం కాదు. మన దగ్గర ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తితే బండి పక్కకు పెట్టి, కాగితాలు పట్టుకుని దిగి ఎస్సై దగ్గరికి వెళ్లి మాట్లాడటం మర్యాద. అమెరికాలో అదే పని చేస్తే, అంటే చెప్పకుండా డోరు తీసుకుని పోలీసు వైపు నడిస్తే, అతని చెయ్యి తుపాకీ మీదికి వెళుతుంది. కారులోనే కూర్చుని రెండు చేతులూ స్టీరింగ్ మీద పైకి కనబడేలా ఉంచాలని కొత్తగా వెళ్లినవాళ్లకు సీనియర్లు మొదట చెప్పేది ఇందుకే. మర్యాదల తేడా ప్రాణం మీదికి తెచ్చే చోటది.

ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకు ఇంకా ప్రమాదం. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్ అనే ఊళ్లో సురేశ్‌భాయ్ పటేల్ అనే 57 ఏళ్ల గుజరాతీ కొడుకింటి దగ్గర పొద్దున్నే నడుస్తున్నాడు. మనవణ్ని చూసుకోవడానికి అంతకు కొద్దిరోజుల ముందే వచ్చాడు. ఎవరో సన్నటి నల్లవాడు ఇళ్లవైపు చూస్తూ తిరుగుతున్నాడని పొరుగున ఉన్నవారెవరో పోలీసులకు ఫోన్ చేశారు. వచ్చిన పోలీసు ప్రశ్నలకు ఆయన నో ఇంగ్లిష్ అని, వేలితో కొడుకింటిని చూపించాడు. ఆ పోలీసు ఆయన చేతులు వెనక్కి పట్టుకుని, కాలు లాగి, ముఖం నేలకు తగిలేలా పడేశాడు. పటేల్‌కు పాక్షిక పక్షవాతం వచ్చింది. క్రిమినల్ కేసులో రెండుసార్లు జ్యూరీ ఒక మాట మీదికి రాలేకపోయింది, తర్వాత న్యాయమూర్తి ఆ పోలీసును నిర్దోషిగా విడుదల చేశారు. సివిల్ దావా 2021లో 17.5 లక్షల డాలర్ల పరిహారంతో ముగిసింది.

ఆ పొరుగింటి ఫోన్ దగ్గర కాసేపు ఆగాలి. పటేల్ ఏ తప్పూ చేయలేదు. ఆ వీధిలో ఎవరికీ తెలియని చామనఛాయ మనిషి నడవడమే ఫిర్యాదైంది. పోలీసులు నేరాన్ని పట్టుకోవడానికే కాదు, ఎవరు ఎక్కడ తిరగొచ్చో కాపలా కాయడానికి కూడా ఉన్నారని అక్కడి సమాజంలో ఒక భాగం నమ్ముతుంది.

ఆ నమ్మకానికి చరిత్ర ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో 18వ శతాబ్దం మొదటి నుంచే బానిసల మీద గస్తీ దళాలు ఉండేవి. సౌత్ కరోలినాలో 1704 నాటికే ఈ ఏర్పాటు వచ్చింది. తోట దాటి వచ్చిన నల్లమనిషిని ఆపి, యజమాని ఇచ్చిన చీటీ చూపమనడం, లేకుంటే కొరడాతో కొట్టడం వాళ్ల పని. అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం పోయినా, పని లేకుండా తిరగడం నేరమంటూ చట్టాలు తెచ్చి, పట్టుకున్నవాళ్లను ఖైదీలుగా తోటలకూ గనులకూ అద్దెకిచ్చారు. ఉత్తరాది నగరాల కథ వేరు. బోస్టన్‌లో 1838లో, న్యూయార్క్‌లో 1845లో వచ్చిన పోలీసు దళాలకు లండన్ నమూనా. అక్కడ వాళ్ల దృష్టి ఎక్కువగా వలస వచ్చిన ఐరిష్ పేదల మీద, సమ్మె చేసే కార్మికుల మీద ఉండేది. కాబట్టి అమెరికా పోలీసు వ్యవస్థ మొత్తం బానిస గస్తీ నుంచే పుట్టిందనడం అతిశయోక్తి. ఈ రెండు పాయలకూ ఉమ్మడిగా ఉన్నది ఒకటే. రోడ్డు మీద ఉండటానికి నీకేం హక్కుందని అడిగే అధికారం ఎప్పుడూ పేదల మీద, పరాయివాళ్లనిపించేవాళ్ల మీదే పనిచేసింది.

ఇప్పుడు ఆ అధికారం చట్టబద్ధంగా ఎంత విశాలమైందో చూడండి. 1968 నాటి టెర్రీ తీర్పుతో, అరెస్టుకు సరిపడా ఆధారం లేకపోయినా, సహేతుకమైన అనుమానం ఉంటే ఆపి ఒళ్లు తడిమే వీలు పోలీసులకు దక్కింది. 1996లో రెన్ తీర్పు ఇంకో గేటు ఎత్తేసింది. చిన్న ట్రాఫిక్ తప్పు ఏదో ఒకటి కనిపిస్తే చాలు, పోలీసు అసలు ఉద్దేశం వేరే ఏదైనా కారు ఆపడం చట్టసమ్మతమే. ట్రాఫిక్ నియమాలు వందల్లో ఉంటాయి. పది నిమిషాలు వెనకే నడిపితే ఎంత జాగ్రత్తపరుడైన డ్రైవరులోనైనా తప్పు దొరుకుతుంది. ఇక 2001లో టెక్సస్ తల్లి ఒకామె కేసు. సీటు బెల్టు పెట్టుకోలేదని, పిల్లలు చూస్తుండగా ఆమెకు బేడీలు వేసి తీసుకెళ్లారు. ఆ తప్పుకు గరిష్ఠ శిక్ష 50 డాలర్ల జరిమానా మాత్రమే, జైలు లేదు. అయినా అరెస్టు రాజ్యాంగ విరుద్ధం కాదని సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది.

ఈ మూడు తీర్పుల తర్వాత ఆపడమా వద్దా అన్నది చాలావరకు పోలీసు ఇష్టం. న్యూయార్క్‌లో 2004 జనవరి నుంచి 2012 జూన్ దాకా 44 లక్షల స్టాప్‌లు జరిగాయి. వాటిలో 80 శాతానికి పైగా నల్లజాతీయులు, లాటిన్ అమెరికా మూలాలున్న హిస్పానిక్‌లవే. 88 శాతం సందర్భాల్లో అరెస్టూ లేదు, చలానా కూడా లేదు. ఒళ్లు తడిమిన ప్రతి వందమందిలో ఆయుధం దొరికింది ఇద్దరి దగ్గర కూడా కాదు. 2013లో ఫెడరల్, అంటే కేంద్ర స్థాయి, న్యాయమూర్తి షీరా షైండ్లిన్ ఇది రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఆ తర్వాత స్టాప్‌లు నాటకీయంగా పడిపోయాయి. నేరాలు విరుచుకుపడతాయని నగర పాలకులు చేసిన హెచ్చరిక నిజం కాలేదు.

న్యూయార్క్‌లో స్టాప్‌లకు కారణం నేరభయం అని చెప్పుకున్నారు. మిస్సోరీలోని ఫెర్గుసన్‌లో కారణం డబ్బు.

2014 ఆగస్టు 9న అక్కడ మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల యువకుణ్ని పోలీసు కాల్చి చంపాడు. ఊరు రగిలింది. 2015 మార్చి 4న అమెరికా న్యాయశాఖ ఒకే రోజు రెండు నివేదికలిచ్చింది. మొదటిది ఆ చివరి క్షణాల గురించి. బ్రౌన్ చేతులెత్తి లొంగిపోయాడన్న కథనాన్ని ఆధారాలు బలపరచడం లేదని, ఆ పోలీసు మీద ఫెడరల్ నేరం మోపలేమని అందులో తేల్చారు. రెండోది ఆ క్షణానికి ముందు ఏళ్ల తరబడి ఆ ఊళ్లో జరుగుతున్నదాని గురించి. మొదటి నివేదికను నమ్మినవాళ్లు రెండోది చదవలేదు, రెండోది పట్టుకున్నవాళ్లు మొదటిదాన్ని ఒప్పుకోలేదు. రెండూ కలిపి చదవాలి.

ఫెర్గుసన్ జనాభా దాదాపు 21,000. అందులో 67 శాతం నల్లజాతీయులు. 2012 నుంచి 2014 వరకు ఆపిన వాహనాల్లో 85 శాతం, చలానాల్లో 90 శాతం, అరెస్టుల్లో 93 శాతం వాళ్లవే. నగర ఆదాయంలో జరిమానాల వాటా ఏటికేడు పెరిగింది. 2010లో దాదాపు 13.8 లక్షల డాలర్లు వస్తే, 2015 బడ్జెట్‌లో 30.9 లక్షలు వస్తాయని రాసుకున్నారు. చలానాలు బాగా పెంచకపోతే వచ్చే ఏడాది వసూళ్లు పెరగడం కష్టమని నగర ఆర్థికాధికారి పోలీసు చీఫ్‌కు రాసిన ఈమెయిల్ బయటపడింది. పన్ను పెంచితే ఓటర్లు అడుగుతారు. చలానాకు ఆ బాధ లేదు.

ఆ రెండో నివేదికలో పేరు చెప్పని ఒక మహిళ కథ ఉంది. 2007లో ఆమె కారు ఒకచోట తప్పుగా పార్క్ చేసింది. రెండు చలానాలు, మొత్తం 151 డాలర్లు, ఆపైన ఫీజులు. ఆమెకు నిలకడగా ఇల్లే లేని రోజులవి. వాయిదాకు రాలేదని, కట్టలేదని ఏడుసార్లు కేసు పెట్టారు, ప్రతిసారీ కొత్త జరిమానా, కొత్త వారెంటు. రెండుసార్లు అరెస్టయి ఆరు రోజులు జైల్లో ఉంది. ఒకసారి 25, ఇంకోసారి 50 డాలర్లు కట్టబోతే, మొత్తం ఒకేసారి కట్టాలంటూ కోర్టు వెనక్కి పంపింది. 2014 డిసెంబర్ నాటికి ఆమె 550 డాలర్లు కట్టింది. ఇంకా 541 బాకీ ఉంది.

ఇంకొకతను 2012 ఎండాకాలంలో పార్కులో బాస్కెట్‌బాల్ ఆడి తన కారులో కూర్చుని చెమట ఆరబెట్టుకుంటున్నాడు. పోలీసు వచ్చి, పార్కులో పిల్లలున్నారు కనుక నువ్వు పిల్లల్ని పాడుచేసేవాడివని ఆరోపించి, కారు వెతకనిమ్మన్నాడు. అతను ఒప్పుకోలేదు. తుపాకీ గురిపెట్టి అరెస్టు చేసి ఎనిమిది అభియోగాలు మోపాడు. ఆగి ఉన్న కారులో సీటు బెల్టు పెట్టుకోకపోవడం అందులో ఒకటి. మైకేల్ అన్న పూర్తి పేరుకు బదులు మైక్ అని పొట్టిపేరు చెప్పినందుకు తప్పుడు సమాచారమిచ్చాడన్నది మరొకటి. ఆ కేసుల వల్ల ఎన్నో ఏళ్లుగా చేస్తున్న ఉద్యోగం పోయింది.

ఈ రెండు ఉదంతాల్లో తూటా పేలలేదు. ఏ టీవీ చానలూ రాలేదు. ఒక ఊరు ఊరంతా పోలీసును చూడగానే బిగుసుకుపోయేలా చేసింది ఇలాంటి వేలాది చిన్న ఘటనలే. 2013 ఒక్క ఏడాదిలో ఆ చిన్న ఊరి కోర్టు 9,000కు పైగా వారెంట్లు జారీ చేసింది. పాత చలానా కట్టని మనిషికి వారెంటు భయం ఉంటుంది. వారెంటున్న మనిషి పోలీసు ఆపితే పారిపోవాలనుకుంటాడు. పారిపోతున్నవాణ్ని చూసి పోలీసు ప్రమాదకారి అనుకుంటాడు. గోటితో పోయేది గొడ్డలి దాకా వెళ్లడమంటే ఇదే. కోర్టు చూసే ఆ ఒక్క సెకనుకు చాలాముందే, జేబులో లేని 25 డాలర్ల దగ్గర ఈ కథ మొదలైంది.

ఫిలాండో కాస్టీల్ జీవితంలో ఈ గొలుసు మొత్తం కనిపిస్తుంది. మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో బడిపిల్లల భోజనశాల సూపర్‌వైజరు. 13 ఏళ్లలో పోలీసులు అతన్ని కనీసం 46 సార్లు ఆపారు. ఎక్కువభాగం లైసెన్సు, ఇన్సూరెన్సు, ఇలాంటి చిన్న విషయాలే, వాటిలో సగానికి పైగా తర్వాత కొట్టేశారు. 2016 జులై 6న మళ్లీ ఆపారు. చెప్పిన కారణం వెనక లైటు పనిచేయకపోవడం. అసలు కారణం, ఒక దోపిడీ నిందితుడిలాంటి వెడల్పాటి ముక్కు ఉందని పోలీసుకు అనిపించడం. రేడియోలో అతను చెప్పిన ఆ మాట రికార్డయింది. నా దగ్గర తుపాకీ ఉంది సార్ అని కాస్టీల్ ముందే చెప్పాడు. అతనికి తుపాకీ లైసెన్సు ఉంది, చట్టప్రకారం అది తప్పు కాదు. కారు ఆపి నిమిషం అటూ ఇటూ అయ్యేసరికి పోలీసు ఏడుసార్లు కాల్చి చంపాడు. వెనక సీటులో నాలుగేళ్ల పాప ఉంది. 2017 జూన్‌లో జ్యూరీ ఆ పోలీసును నిర్దోషి అంది. చివరి సెకనులో అతను భయపడ్డాడన్నది నిజమే కావచ్చు. ఆ మనిషిని 46 సార్లు ఆపిన వ్యవస్థను ఏ కోర్టూ బోనులో నిలబెట్టలేదు.

ఈ చావులకు దేశమంతటికీ కలిపి ఒక పూర్తి లెక్క ప్రభుత్వం దగ్గర లేదని ఫెర్గుసన్ తర్వాతే అందరికీ తెలిసొచ్చింది. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 2015 నుంచి సొంతంగా లెక్కపెట్టింది. పోలీసు కాల్పుల్లో ఏటా వెయ్యి మంది అటూ ఇటూగా చనిపోతున్నారు. సంఖ్యలో తెల్లవాళ్లే ఎక్కువ, జనాభా నిష్పత్తిలో చూస్తే నల్లజాతీయుల రేటు రెట్టింపు కన్నా ఎక్కువ. దాదాపు అయిదో వంతు మంది మానసిక సమస్యలున్నవాళ్లు. మొత్తంమీద పోలీసులు ఎదురయ్యే కోట్లాది మందిలో బలప్రయోగం లేదా దాని బెదిరింపు ఎదురయ్యేది 2 శాతం మందికేనని ప్రభుత్వ సర్వే చెబుతుంది. శాతం చిన్నదే. కోట్లలో 2 శాతమంటే ఎంతమందో లెక్కవేసుకోవాలి. ఆపడాలు తగ్గితే ఆ సంఖ్య దానంతటదే తగ్గుతుంది.

జరిగాక ఏమవుతుందన్నది ఇంకో చిక్కుముడి. బాధితులకు మూడు దారులున్నాయి, మూడింటికీ మూడు వేర్వేరు కొలబద్దలు. వార్తల్లో ఇవి కలగాపులగమై మన పాఠకుల్ని గందరగోళపెడతాయి. ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల విషయంలో అదే జరిగింది. 23 ఏళ్ల జాహ్నవి సియాటెల్‌లో చదువుకుంటూ, 2023 జనవరి 23న రోడ్డు దాటుతుంటే పోలీసు వాహనం గుద్ది చనిపోయింది. గంటకు 25 మైళ్లు దాటకూడని రోడ్డు మీద ఆ వాహనం 74 మైళ్ల దాకా వెళ్లింది. తర్వాత ఇంకో పోలీసు, యూనియన్ నాయకుడు, ఫోన్‌లో నవ్వుతూ 11,000 డాలర్ల చెక్కు రాసేస్తే సరిపోతుందని, ఆమె విలువ అంతంతమాత్రమేనని అన్న మాటలు అతని బాడీ కెమెరాలోనే రికార్డయ్యాయి. క్రిమినల్ దారిలో, నేరపూరిత నిర్లక్ష్యాన్ని రుజువు చేయలేమని ప్రాసిక్యూటర్ పెద్ద కేసు పెట్టలేదు. డ్రైవర్ పోలీసుకు పడింది 5,000 డాలర్ల ట్రాఫిక్ జరిమానా. శాఖాపరమైన దారిలో, నవ్విన పోలీసును 2024 జులైలో, నడిపిన పోలీసును 2025 జనవరిలో ఉద్యోగం నుంచి తీసేశారు. కుటుంబం వేసిన దావా మూడో దారి. నేరం కాదని ఒక చోట అంటూనే ఉద్యోగానికి పనికిరావని ఇంకో చోట ఎలా అన్నారని చాలామంది అడిగారు. రెండు చోట్లా అడిగిన ప్రశ్న ఒకటి కాదు కనుక.

సివిల్ దావా దారికి అడ్డంగా కోర్టులే కట్టిన గోడ పేరు క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ. పోలీసు బాధితుడి హక్కుకు భంగం కలిగించాడని చూపితే చాలదు. దాదాపు అదే పరిస్థితుల్లో అదే పని తప్పని ఇంతకుముందు ఏదో కోర్టు స్పష్టంగా చెప్పి ఉండాలి. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో సోదాకు వచ్చిన పోలీసులు 2.25 లక్షల డాలర్లకు పైగా దొంగిలించారని ఇద్దరు వ్యాపారులు దావా వేస్తే, వారెంటుతో సోదా చేస్తూ దొంగిలించడం, అక్రమ సోదాల నుంచి కాపాడే రాజ్యాంగ నిబంధనకు విరుద్ధమని ఇదివరకు తీర్పేదీ లేదు గనుక పోలీసులకు ఇమ్యూనిటీ ఉందని 2019లో అప్పీలు కోర్టు తేల్చింది. దొంగతనం తప్పని తెలియడానికి పాత తీర్పు కావాలా అన్న బాధ ఆ తీర్పు చదివిన ఎవరికైనా కలుగుతుంది. గోడ దాటి గెలిచినా పోలీసు జేబుకు చిల్లు పడదు. జోవానా ష్వార్ట్జ్ అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు పెద్ద పోలీసు శాఖల లెక్కలు తీస్తే, బాధితులకు చెల్లించిన సొమ్ములో 99.98 శాతం ప్రభుత్వాలే కట్టినట్టు తేలింది. 2020లో పోలీసు మెడ మీద మోకాలు అదిమి ఉంచడంతో చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ కుటుంబానికి ఇచ్చిన 2.7 కోట్ల డాలర్లు మిన్నియాపొలిస్ నగరం కట్టింది.

ఫ్లాయిడ్ కేసులో మాత్రం పోలీసుకు 22 ఏళ్ల ఆరు నెలల శిక్ష పడింది. అక్కడ గ్రాహమ్ కవచం పనిచేయలేదు, ఎందుకంటే అది రెప్పపాటు కాదు, 9 నిమిషాల 29 సెకన్లు. అన్నిటికన్నా ముఖ్యం, 17 ఏళ్ల అమ్మాయి ఒకతె ఫోన్ దించకుండా తీసిన వీడియో. పోలీసు శాఖ మొదట ఇచ్చిన ప్రకటనలో ఉన్నది, పోలీసులతో వ్యవహారం సందర్భంగా అనారోగ్యంతో ఒక వ్యక్తి మృతి అని మాత్రమే.

ఆ వీడియో తర్వాత చాలా మారుతుందనుకున్నారు. ఫ్లాయిడ్ పేరిట తెచ్చిన ఫెడరల్ బిల్లు దిగువ సభ దాటినా సెనెట్‌లో ఆగిపోయింది. 1994 చట్టంతో న్యాయశాఖకు దక్కిన అధికారం, అంటే ఒక పోలీసు శాఖ మొత్తాన్ని దర్యాప్తు చేసి కోర్టు పర్యవేక్షణలో పెట్టే అధికారం, ఎవరు అధ్యక్షుడైతే వాళ్ల ఇష్టం మీద నడుస్తోంది. మిన్నియాపొలిస్, లూయీవిల్ నగరాల మీద వేసిన ఆ తరహా కేసుల నుంచి 2025 మేలో ట్రంప్ ప్రభుత్వం తప్పుకుంది. పోలీసు శాఖలే దేశంలో దాదాపు 18,000. వాటిలో సగం దాకా పదిమంది కూడా లేని చిన్న ఠాణాలు. ఢిల్లీ నుంచో హైదరాబాద్ నుంచో సర్క్యులర్ పంపినట్టు వాషింగ్టన్ నుంచి వీటిని మార్చడం కుదరదు.

చట్టంలో మాత్రం రెండు చోట్ల కదలిక వచ్చింది. కాలిఫోర్నియా 2019లో తన చట్టాన్ని మార్చింది. ప్రాణాంతక బలం వాడాలంటే సబబుగా అనిపిస్తే చాలదు, అవసరమై ఉండాలి, దానికి దారితీసిన పోలీసు ప్రవర్తనను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇక 2025 మే 15న సుప్రీంకోర్టు బార్న్స్ కేసులో తీర్పిచ్చింది. 2016లో హ్యూస్టన్ దగ్గర, అద్దె కారు మీద టోల్ బాకీలున్నాయని ఆపారు. కారు కదలగానే పోలీసు దాని గుమ్మం మీదికి దూకి, రెండు సెకన్లలోపే కాల్చాడు. కారు నడుపుతున్న ఆష్టియన్ బార్న్స్ చనిపోయాడు. కింది కోర్టు ఆ రెండు సెకన్లనే చూస్తానంది. అలా కళ్లకు గంతలు కట్టుకోకూడదని, మొత్తం సందర్భాన్ని చూడాలని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. పోలీసే ప్రమాదాన్ని కొనితెచ్చుకుంటే ఎలా అన్న ప్రశ్నను మాత్రం ఆ కేసులో తేల్చలేదు. 1989 తర్వాత ఆ చట్రం కాస్తయినా వెడల్పయింది ఇప్పుడే అనుకుంటాను.

అంతకన్నా నాకు ఆశ కలిగించేది కోర్టుల దాకా వెళ్లనవసరం లేని పని. ఫిలడెల్ఫియా 2022 మార్చి నుంచి, వెనక లైట్లలో ఒకటి వెలగకపోవడం, నంబర్ ప్లేటు సరిగ్గా బిగించకపోవడం లాంటి ఎనిమిది చిన్న తప్పులకు కారు ఆపకూడదని నిషేధించింది. వర్జీనియా రాష్ట్రం అంతకుముందే ఇలాంటి చట్టం చేసింది. కాస్టీల్ చనిపోయిన రామ్సీ కౌంటీలో, ప్రజాభద్రతతో సంబంధం లేని స్టాప్‌లలో పుట్టుకొచ్చిన కేసులు నడపబోమని 2021లో ప్రాసిక్యూటర్ ప్రకటించాడు. అలాంటి స్టాప్‌లు బాగా తగ్గాయి. మిన్నెసోటాలోనే ఒక స్వచ్ఛంద సంస్థ పోలీసుల చేతికి కూపన్లు ఇచ్చింది. కారు లైటు పోయి ఉంటే పోలీసు చలానా రాయడానికి బదులు ఆ కూపన్ ఇస్తాడు, దాంతో గ్యారేజీలో ఉచితంగా లైటు వేయించుకోవచ్చు. ఇది 2017లో మొదలైంది, తర్వాత మరికొన్ని రాష్ట్రాల్లోని పోలీసు శాఖలూ చేరాయి. పోలీసు సంఘాలు చాలాచోట్ల స్టాప్‌ల మీద ఆంక్షలను వ్యతిరేకిస్తున్నాయి, తుపాకులు దొరికే దారి మూసేస్తున్నారన్నది వాళ్ల వాదన. 18,000 శాఖల్లో ఈ మార్పు వచ్చినవి ఇంకా కొద్దే.